తొండికీ అరటిపండుకీ మధ్య

ఆటలో రూలు తప్పడానికి తెలుగు పిల్లల దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి తొండి. బోర్లా పడ్డ గవ్వని ఎవరూ చూడకుండా వేలితో తిప్పడం తొండి, మూడు గళ్ళు నడవాల్సిన చోట నాలుగు నడవడం తొండి. రెండోది ఆటలో అరటిపండు. పెద్దపిల్లలు ఆడుతుంటే ఇంట్లో చిన్నవాడు నేనూ వస్తానని ఏడుస్తాడు. వాణ్ణి చేర్చుకుంటారు. వాడు దొరికినా దొంగ కాడు, అవుటైనా అవుట్ కాడు. రెండు చోట్లా తప్పేది రూలే. మొదటిదానికి కొట్లాట అయిపోయి జట్టు విడిపోతుంది. రెండోదానికి ఎవరూ నోరెత్తరు.

నేను ఈ రెండు మాటలనీ పట్టుకుని చూడాలనుకుంటున్నది వేరే ఆటని. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలేస్తూ కథ నడిపే రోల్ ప్లేయింగ్ గేమ్స్ గురించి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు మీరు వినే ఉంటారు. ఆడకపోయినా స్ట్రేంజర్ థింగ్స్‌లో చూసుంటారు. 2016లో వచ్చిన ఆ సిరీస్ మొదటి ఎపిసోడ్ తొలి దృశ్యాల్లోనే ఈ ఆట వస్తుంది. విల్ అనే పిల్లాడు వేసిన పాచిక బల్ల మీంచి దొర్లి ఎక్కడో పడుతుంది. కావాల్సింది పదమూడు, పడింది ఏడు. ఆట నడిపే స్నేహితుడు చూడలేదు కాబట్టి లెక్కలోకి రాదని ఇంకొకడు నూరిపోస్తాడు. అయినా ఇంటికెళ్ళే ముందు విల్ ఆ స్నేహితుడికి నిజం చెప్పేస్తాడు. గెలుపూ ఓటమీ లేని ఆటలో, ఎవరూ చూడని పాచిక గురించి పన్నెండేళ్ళ పిల్లాడు నిజం ఎందుకు చెప్పాలి? ఈ ఆటల చరిత్ర అంతా ఒకరకంగా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ముందు మన ఆటల సంగతి. మాది నందిగామ, అమ్మమ్మ వాళ్ళది జగ్గయ్యపేట. అప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో హైవే మీద బస్సెక్కితే గంటలోపు ప్రయాణం. ఆ గంటలోనే మా అష్టాచెమ్మా రూల్స్ మారిపోయేవి. పటం అదే, ఐదు అడ్డం ఐదు నిలువు. గవ్వలు నాలుగే. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. కానీ మా ఇంట్లో ఎదుటివాడి కాయని ఒక్కటైనా చంపితే తప్ప లోపలి గళ్ళలోకి వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. అమ్మమ్మగారింట్లో ఆ పట్టింపు లేదు. మా దగ్గర వరసగా మూడు అష్టాలు పడితే మురిగిపోయేవి, అక్కడ పండగే. సెలవుల్లో వెళ్ళిన మొదటి రోజు ఆట కంటే ముందు పంచాయతీ జరిగేది. ఎవరి ముగ్గు మీద ఆడితే వాళ్ళ రూలు అని తేల్చేవాళ్ళు. ఒకసారి తేలాక మళ్ళీ గొడవ లేదు.

పులిజూదంలో ఆ పంచాయతీ కూడా అక్కర్లేదు. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు. అన్నీ కళ్ళెదురుగానే ఉంటాయి. ఎవడు ఎక్కడ జరిపాడో అందరికీ కనిపిస్తుంది కాబట్టి మధ్యవర్తి ఉండడు. ఆడేవాళ్ళ నాలుగు కళ్ళే కాపలా.

రోల్ ప్లేయింగ్ గేమ్ అలా కుదరదు. అక్కడ తలుపు వెనక ఏముందో ఆడేవాడికి తెలియకూడదు. తెలిసిన మనిషి ఒకడు కావాలి. వాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. తెలుగులో అంతకంటే మంచి మాట మన దగ్గరే ఉంది: సూత్రధారి. సూత్రమంటే దారం, సూత్రమంటే నియమం. రెండూ వాడి చేతిలోనే ఉంటాయి. మా పాత కృష్ణా జిల్లాలోనే పుట్టిన కూచిపూడి భామాకలాపం తీసుకోండి. సూత్రధారి కథ బయట నిలబడి ప్రేక్షకులతో మాట్లాడతాడు, మరుక్షణం మాధవిగా మారి సత్యభామతో బేరమాడతాడు. మొగుడి పేరు చెప్పమని ఆటపట్టిస్తాడు, కబురు మోసుకెళ్ళినందుకు ముక్కెర ఇమ్మంటాడు. ఆ బేరాన్ని ఎంతసేపు సాగదీయాలో ఆ రాత్రి, ఆ జనం, ఆ ఇద్దరు నటులు తేల్చుకుంటారు. సత్యభామ కృష్ణుణ్ణి చేరుకోవడం మాత్రం మారదు. దారం వదులు చేయొచ్చు గానీ తెంపకూడదు.

పాశ్చాత్యుల దగ్గర ఈ మనిషి రంగస్థలం నుంచి రాలేదు, సైన్యం నుంచి వచ్చాడు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి క్రీగ్స్‌స్పీల్, అంటే యుద్ధక్రీడ, నియమాలు అచ్చువేశాడు. దానికి అంతకు ముందు రూపాన్ని తయారుచేసింది వాళ్ళ నాన్న. పెద్ద మ్యాపు, దాని మీద దళాలకి గుర్తుగా చిన్న బిళ్ళలు, నష్టం లెక్కకట్టడానికి పాచికలు, పట్టికలు. రెండు పక్షాలూ ఆజ్ఞలు కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. శత్రువు కొండ వెనక ఉంటే వాడి బిళ్ళలు మీకు కనిపించవు. ఎవరికి ఏది కనిపించాలో నిర్ణయించేది మధ్యవర్తి. కానీ వాడి చేతులూ కట్టేసి ఉండేవి. ప్రతి దెబ్బకీ పట్టిక తిరగెయ్యాలి, పాచిక వెయ్యాలి, కూడికలు తీసివేతలు చెయ్యాలి. యుద్ధం కంటే లెక్కలు ఎక్కువైపోయాయి.

యాభై ఏళ్ళ తర్వాత ఆ సైన్యంలోనే తిరుగుబాటు వచ్చింది. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే జర్మన్ అధికారి పట్టికలూ పాచికలూ పక్కన పెట్టమన్నాడు. నిజంగా యుద్ధం చూసిన అనుభవజ్ఞుడు మధ్యవర్తిగా ఉంటే ఈ దాడి గెలుస్తుందో ఓడుతుందో వాడే చెప్పగలడు, ఇంకెందుకీ అంకెలు అని వాదించాడు. మొదటి పద్ధతిలో పుస్తకాన్ని నమ్మాలి, రెండో పద్ధతిలో మనిషిని నమ్మాలి. ఇవాళ ఏ బల్ల దగ్గరైనా రూలు మీద గొడవ వచ్చిందంటే ఆ ఇద్దరు జర్మన్ అధికారులే మళ్ళీ వాదించుకుంటున్నట్టు ఉంటుంది నాకు.

ఆ వాదం అమెరికా చేరింది. 1880లో చార్లెస్ టాటెన్ అనే సైనికాధికారి స్ట్రాటెగోస్ అని ఒక యుద్ధక్రీడా గ్రంథం వేశాడు. దాదాపు తొంభై ఏళ్ళు గ్రంథాలయాల్లో దుమ్ముపట్టి ఉన్న ఆ పుస్తకం మినెసోటాలో డేవిడ్ వెసిలీ అనే కుర్రాడి కంటపడింది. ఆడేవాడు ఏం చేయాలనుకున్నా ప్రయత్నించవచ్చు, ఫలితం మధ్యవర్తి చెబుతాడు అనే సూత్రం అతనికి బాగా నచ్చింది. 1969లో బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణం మీద స్నేహితులతో ఒక ఆట ఆడించాడు. ఈసారి ఒక్కొక్కరికీ దళాల బదులు మనుషుల్ని ఇచ్చాడు: ఒకడు మేయరు, ఒకడు విశ్వవిద్యాలయం పెద్ద, ఇంకొకడు సైనికాధికారి. యుద్ధం మొదలయ్యే లోపే ఇద్దరు ఆటగాళ్ళు ద్వంద్వయుద్ధం చేస్తామన్నారు. దానికి రూలు లేదు. వెసిలీ అప్పటికప్పుడు ఏదో కల్పించి పాచిక వేయించాడు. ఆట పాడైపోయిందనే అనుకున్నాడు. స్నేహితులు మాత్రం మళ్ళీ ఎప్పుడు ఆడదామని వెంటపడ్డారు.

ఆ గుంపులో డేవ్ ఆర్నెసన్ ఉన్నాడు. తర్వాత జరిగిన ఒక ఆటకి రంగం లాటిన్ అమెరికాలో ఒక కల్పిత దేశం. ఆర్నెసన్‌ది కరపత్రాలు పంచే విప్లవకారుడి పాత్ర. అతను ఇంటి దగ్గరే ఒక దొంగ సీఐఏ గుర్తింపు కార్డు తయారుచేసుకుని జేబులో పెట్టుకొచ్చాడట. పట్టుబడినప్పుడు అది తీసి చూపించి, నేను నిజానికి రహస్య ఏజెంటుని అని తోటి ఆటగాళ్ళని నమ్మించి, అందరి చేతుల్లోంచి జారిపోయాడని వెసిలీ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. ఇది తొండేనా? మా నందిగామ అరుగు మీద అయితే తొండే అనేవాళ్ళు. కానీ అతను మధ్యవర్తి ఎదురుగా, పాత్రలో ఉండే అబద్ధమాడాడు. మోసపోయింది ఎదుటి పాత్రలు. గవ్వ తిప్పేవాడు మోసం చేసేది పక్కన కూర్చున్న మనుషుల్ని. ఈ తేడా దొరికిన రోజే రోల్ ప్లేయింగ్ గేమ్ పుట్టిందని నేననుకుంటాను.

ఆర్నెసన్ బ్లాక్‌మూర్ అనే తన ఊహాలోకంలో ఈ పద్ధతి నడిపాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గేరీ గైగాక్స్‌కి చూపించాడు. ఇద్దరి పేర్లతో 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. వాటి నిండా ఖాళీలే. యుద్ధం ఎలా చెయ్యాలో తెలియాలంటే వేరే ఆట పుస్తకం చూసుకోవాలి. ఆ ఖాళీల్ని ఎవరి ఊళ్ళో వాళ్ళు తమకు తోచినట్టు పూడ్చుకున్నారు. 1975లో లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ అనే ఆవిడ అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ అనే పత్రిక మొదలుపెడితే, దాన్లో జనం రాసుకున్నవి ప్రధానంగా ఇవే: మా దగ్గర మంత్రాలు ఇలా, మీ దగ్గరెలా? నందిగామ, జగ్గయ్యపేట అష్టాచెమ్మా పంచాయతీ పోస్టులో జరిగినట్టన్నమాట. ఆ పత్రికకే గైగాక్స్ ఉత్తరం రాస్తూ, నేను చేసే పద్ధతి నచ్చకపోతే మార్చేసుకోండి, అందరికీ దేవుడిగా ఉండటం నా పని కాదు అనే అర్థంలో చెప్పాడు.

నాలుగేళ్ళు తిరిగేసరికి స్వరం మారింది. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆట అన్నిచోట్లా ఒకేలా ఉండాలనే పట్టుదల కనిపిస్తుంది. కారణాలు లేకపోలేదు. 1975లో ఆరిజిన్స్ సమావేశంలో టూంబ్ ఆఫ్ హారర్స్ అనే సాహసగాథని పోటీగా ఆడించారు. పోటీ అన్నాక వేర్వేరు బల్లల దగ్గర వేర్వేరు రూల్స్ ఉంటే ఎవరు బాగా ఆడారో ఎలా తేల్చాలి? ఇంకోపక్క డబ్బు. తనకి రావాల్సిన రాయల్టీ కోసం ఆర్నెసన్ కంపెనీ మీద దావా వేసింది కూడా ఆ 1979లోనే. రూలు ఒక్కటైతే పుస్తకం ఒక్కటే, అమ్మేవాడూ ఒక్కడే. అయినా విచిత్రమేమిటంటే, అదే పుస్తకంలో గైగాక్స్ ఇంకో మాట అన్నాడు. బాగా ఆడినవాడి పాత్ర తన తప్పేమీ లేకుండా కేవలం పాచిక పాపాన చచ్చిపోతుంటే, మీరు పాచికని తోసిరాజనవచ్చు; చావుకి బదులు ఒక చెయ్యో కన్నో పోయిందని సర్దవచ్చు అని. ఒక పేజీలో రైస్విట్జ్, ఇంకో పేజీలో వెర్డీ.

1974 మనకి ఇంకో విధంగా గుర్తుండాల్సిన సంవత్సరం. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఆ ఏడాదిదే. పాచిక అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముఖం ఎందుకు మారుతుందో అర్థం కావాలంటే సంక్రాంతికి మా వైపు రావాలి. కోడిపందేల బరులు, పక్కనే గుండాట, పేకాట. అక్కడ రూలు తప్పడమంటే ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి డబ్బు పోవడం. కృష్ణ దాటితే పల్నాడు. అక్కడి వీరగాథలో పందెం కాసింది రాజ్యాన్నే. కోడి ఓడినవాళ్ళు ఏడేళ్ళు దేశం విడిచి వెళ్ళారు. పందెంలో నాగమ్మ పక్షం మోసం చేసిందని కథ చెప్పేవాళ్ళు చెబుతారు. గడువు తీరాక కూడా రాజ్యం తిరిగి దక్కలేదు, కథ కారంపూడి యుద్ధభూమికి చేరింది. ఇంక భారతంలో శకుని సంగతి చెప్పక్కర్లేదు. ఆటలో మోసం అనగానే మన సాహిత్యానికి గుర్తొచ్చేవి అరణ్యవాసం, యుద్ధం. బల్ల మీద ఎవరికీ రూపాయి రాని, ఎవరూ గెలవని ఆటలో రూలు వంచితే ఏం పోతుందో ఆ అనుభవంతో చూస్తే తట్టదు.

పోయేదేమిటో మా బల్ల దగ్గర తెలిసింది. హైదరాబాదులో ఐదుగురం ఆదివారాలు ఆడతాం. మా సూత్రధారి కోదాడ అమ్మాయి. కథాస్థలం నేనిచ్చాను: జగ్గయ్యపేట పక్కన ధనంబోడు. ఇప్పుడున్న ఊరు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు మీద పెట్టింది, అంతకు ముందు అది బేతవోలు. బోడు మీది బౌద్ధస్తూపం ఇంకా చాలా పాతది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించేనాటికే ఊరివాళ్ళు ఇటుకలూ పలకలూ ఇళ్ళకి మోసుకుపోయారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని అక్కడ దొరికిన శాసనం. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న మాంధాత చక్రవర్తి ఫలకం కూడా అక్కడిదే. ఆయన కోరితే ఆకాశం నుంచి నాణేలు కురుస్తుంటాయి. కథలో మాంధాతకి అదీ చాలదు. ఇంద్రుడి సింహాసనంలో సగం దక్కినా చాలక, మిగతా సగం కోరి కింద పడతాడు.

మా గుంపులో ఒకతను శిల్పి పాత్ర తీసుకున్నాడు. ఒక రాత్రి స్తూపం కింద సొరంగంలో పైకప్పు కూలింది. సూత్రధారి అట్ట అడ్డం పెట్టుకుని పాచిక వేసి చూసింది. కొంచెం ఆగి, తప్పిందంది. శిల్పి బతికాడు. ఆ తర్వాత రెండు నెలలు ఆ పాత్రే మా కథకి వెన్నెముక. ఆయక స్తంభాల రహస్యం విప్పింది అతనే. ఒకరోజు టీ తాగుతూ ఆ అమ్మాయి మాటల్లో చెప్పేసింది, ఆ రాత్రి పడింది ఇరవై అని. అంటే శిల్పి అప్పుడే చచ్చిపోవాలి. అతనికి నాన్న పోయి అప్పటికి నెల కాలేదు. ఆ వారం ఇంకో చావు అతని చేతిలో పెట్టలేకపోయానంది.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అయితే ఆ తర్వాత నేను చేసినవన్నీ ఎవరు చేసినట్టు?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె జాలి నిజం, అతని బాధా నిజం. వెర్డీ అయితే ఆమె వైపు, రైస్విట్జ్ అయితే పాచిక వైపు మాట్లాడతారు. వాళ్ళిద్దరికీ పట్టని సంగతి ఒకటుంది: ఆమె అతన్ని అరటిపండు చేసింది, కానీ ఆ సంగతి అతనికి చెప్పలేదు. అరుగు మీద చిన్నవాణ్ణి అరటిపండు అన్నప్పుడు అందరికీ వినిపించేలా అంటారు, వాడికి కూడా. వాడు ఒప్పుకునే ఆడతాడు. కొంచెం పెద్దయ్యాక వాడే, నేను అరటిపండు కాదు, నన్నూ అవుట్ చెయ్యండి అని గొడవ చేస్తాడు. ఓడిపోయే హక్కు కావాలంటాడు. విల్ నిజం చెప్పడానికీ ఇదే కారణమని నా ఊహ. ఏడు పడితే ఏడే అన్నవాడికే, రేపు పదమూడు పడ్డప్పుడు అది తనదవుతుంది.

ఆటలు రాసేవాళ్ళకి ఈ చిక్కు ఎప్పుడో తెలుసు. జడ్జెస్ గిల్డ్ లాంటి కంపెనీలు 1970ల చివర్లోనే గేమ్ మాస్టర్ పాచికలు దాచుకునే అట్టతెరలు అమ్మడం మొదలుపెట్టాయి. తెర ఉంటే దాని వెనక జాలి ఉంటుంది, కక్ష కూడా ఉండొచ్చు. 2010లో విన్సెంట్ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్ ఇంకో దారి పట్టింది. అందులో ఆట నడిపేవాడు అసలు పాచిక వెయ్యడు, వేసేదంతా ఆటగాళ్ళే. నడిపేవాడు ఎప్పుడు ఏం చెప్పవచ్చో కూడా రూల్స్‌లోనే ఉంటుంది. తెర వెనక దాచడానికి ఏమీ మిగలదు. ఆ దశకంలోనే జాన్ స్టావ్రోపౌలోస్ ఎక్స్-కార్డ్ అనే పద్ధతి తెచ్చాడు. బల్ల మధ్యలో ఒక కార్డు ఉంటుంది. కథలో భరించలేనిది వస్తే ఎవరైనా దాన్ని ముట్టుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు, ఆ ముక్క కథలోంచి తీసేస్తారు. రూలు వంచే అధికారం సూత్రధారి చేతిలోంచి బల్ల మధ్యలోకి వచ్చింది, అదీ అందరూ చూస్తుండగా.

మేమూ అదే చేశాం, కాకపోతే మా పద్ధతిలో. పాచికలన్నీ ఇప్పుడు బల్ల మీద అందరి ముందే పడతాయి. మధ్యలో ఒక అట్టముక్క మీద అరటిపండు బొమ్మ వేసి పెట్టాం. దెబ్బ తట్టుకునే స్థితిలో లేనివాళ్ళు ఆ పూట దాన్ని తమ ముందుకి జరుపుకోవచ్చు. అడిగితే ఇవ్వాలి, అడక్కుండా ఎవరి ముందూ పెట్టకూడదు. ఇప్పటికి రెండుసార్లు వాడారు. శిల్పి పాత్ర వేసిన అతను మాత్రం దాన్ని ఇంతవరకూ ముట్టుకోలేదు. పోయిన ఆదివారం అతని కొత్త పాత్ర మున్నేరు వరదలో కొట్టుకుపోయింది. పడింది రెండు. ఐదుగురం వంగి చూశాం. అతనే ముందుగా అంకె చదివి, కాగితం మీద పేరు కొట్టేసుకుని, ఇంకో పాత్ర రాసుకోవడం మొదలుపెట్టాడు.